కారు ఎత్తు తగ్గించినచో స్ప్రింగున కేమగును?

గుంటూరు బ్రాడీపేటలో వీథులు గళ్లబట్టవలె పరచుకొని యుండును. ఒకవైపు వరుసగా లైన్లు, వానిని కోయుచు అడ్డరోడ్లు, మలుపుల దగ్గర స్పీడ్ బ్రేకర్లు. సాయంకాలము ట్యూషన్లు వదలు వేళ అక్కడ నిలిచి చూచువారికి ఒక వింత కనబడును. మోటారు సైకిళ్లు, ఆటోలు గట్టు మీదుగా ఎగిరిపోవుచుండగా, కొత్త సెడాన్ కారొకటి దాని ముందు ఆగి, ముక్కు ఓరగా త్రిప్పి, ఒక్కొక్క చక్రమునే పైకెక్కించుచు మెల్లగా దాటును. ఇంత జాగ్రత్తపడినను అడుగున గర్రుమని రాపిడి వినవచ్చును. వెనుకనున్న ఆటోవాడు హారను కొట్టును. కొన్ననాడు ఆ కారున కీ అవస్థ లేదు. తరువాత ఎవరో దాని ఎత్తు తగ్గించిరి.

చక్రమునకు, దానిపై వంపు తిరిగిన రేకు అంచునకు నడుమ నాలుగు వ్రేళ్లు పట్టు సందు ప్రతి కారులోను ఉండును. యువకులకు ఆ సందు అందవిహీనముగా తోచును. కారు నేలకు అంటుకొని పోవుచున్నట్లుండిన బాగుండునని, మలుపులలో ఒరగకుండునని వారి కోరిక. ఈ సందును పూడ్చుటకు రెండు మార్గములు వాడుకలో ఉన్నవి. మొదటిది లోయరింగ్ స్ప్రింగు. కారుతో వచ్చిన స్ప్రింగులను తీసి వానికన్న పొట్టివి, కొంచెము బిగువైనవి వేయుదురు. షాక్ అబ్సార్బర్లు పాతవే ఉండును. రెండవది కాయిలోవరు. ఇందులో షాక్ అబ్సార్బరు, దానిని చుట్టుకొనిన స్ప్రింగు ఒకదానికొకటి తగునట్లు ఒకే జతగా తయారగును. షాక్ అబ్సార్బరు గొట్టము పైన మరలు కోసియుండును. ఆ మరల మీద స్ప్రింగు కూర్చుండు పళ్లెమును త్రిప్పి కారు ఎత్తును కావలసినట్లు సవరించవచ్చును. దీని ధర మొదటిదానికి కొన్ని రెట్లుండును.

ఏది మంచిదని అడుగుటకు ముందు, ఆ నాలుగు వ్రేళ్ల సందు ఎందుకున్నదో తెలియవలెను. అది వృథాగా విడిచిన చోటు కాదు. స్ప్రింగు పనిచేయు చోటు అదియే.

కమానుల నుండి చుట్ల వరకు

మిరపకాయల బస్తాలు మోసిన ఎడ్లబండికి స్ప్రింగు లేదు. గతుకులో పడిన ప్రతి దెబ్బయు ఇరుసు మీదుగా నేరుగా బండివాని వెన్నెముకకు చేరును. బండి నడచునది గంటకు మూడు నాలుగు కిలోమీటర్లే కనుక అది చెల్లినది. గుఱ్ఱము పరుగెత్తు జట్కాకు మాత్రము కమానులు కావలసివచ్చెను. ఇంగ్లండులో ఓబదయ్య ఎలియట్ అను బండ్ల తయారీదారు 1804లో, రెండు కమానులను ఎదురెదురుగా పెట్టి కోడిగ్రుడ్డు ఆకారముగా కూర్చిన స్ప్రింగునకు పేటెంటు పొందెను. మన రోడ్ల మీద దీర్ఘకాలము తిరిగిన అంబాసిడరు కారునకు (దాని తయారీ 2014లో ఆగిపోయెను) వెనుక కమానులు, ముందు మెలిపడి పనిచేయు ఉక్కు కడ్డీలు ఉండెడివి. నేటి సెడాన్లలో ఎక్కువ వానికి ముందు భాగమున మాక్‌ఫర్సన్ స్ట్రట్ అను అమరిక, వెనుక రెండు చక్రములను కలుపు మెలిదూలము, నాలుగు మూలలను చుట్టు స్ప్రింగులు ఉన్నవి. ముందు చక్రముల దగ్గర షాక్ అబ్సార్బరే స్తంభమై స్ప్రింగును మోయును. వెనుక చాల కార్లలో స్ప్రింగు వేరు, షాక్ అబ్సార్బరు వేరు. కనుక కాయిలోవరు పేరుతో అమ్ము పెట్టెలో వెనుక భాగమునకు తరచు విడి స్ప్రింగు, దాని క్రింద మరల పళ్లెము, వేరుగా ఒక షాక్ అబ్సార్బరు మాత్రమే ఉండును.

వీనికన్నింటికి మూలసూత్రము హైస్కూలు విద్యార్థికి తెలిసినదే. సాగుదల బలమునకు అనుపాతములో ఉండునని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించెను. ఒక మిల్లీమీటరు కుదించుటకు ఎన్ని న్యూటన్లు కావలెనో అదియే స్ప్రింగు బిగువు.

ఆ బిగువు వేటిమీద ఆధారపడునో చూడుడు. అది తీగ లావు యొక్క నాలుగవ ఘాతమునకు అనులోమముగాను, చుట్టు వ్యాసము యొక్క మూడవ ఘాతమునకు, చుట్ల సంఖ్యకు విలోమముగాను ఉండును. 12 మిల్లీమీటర్ల ఉక్కు తీగతో, 120 మిల్లీమీటర్ల వ్యాసముతో, పనిచేయు చుట్లు ఆరుగా స్ప్రింగు చేసినచో దాని బిగువు మిల్లీమీటరుకు సుమారు 20 న్యూటన్లు వచ్చును. తీగను ఒక్క మిల్లీమీటరు లావు చేసి 13కు పెంచినచో బిగువు దాదాపు 38 శాతము హెచ్చును. ఆరు చుట్లలో ఒకటి కోసివేసినచో 20 శాతము హెచ్చును.

ఈ చివరి సంగతి మెకానిక్కులకు లెక్క తెలియకున్నను అనుభవముచే తెలియును. అందుచే కొన్ని షెడ్లలో పాత స్ప్రింగునే ఒక చుట్టు కోసి వేయుదురు. ఖర్చు లేని పద్ధతియే గాని, ఇంతకన్న చెడ్డ పద్ధతి లేదు. పళ్లెములో సరిగా కూర్చుండుటకు స్ప్రింగు కొనను తయారీలోనే ప్రత్యేకముగా మలచియుందురు. కోసిన కొన అట్లు కూర్చుండదు. చక్రము గోతిలో వ్రేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై పళ్లెము నుండి తొలగవచ్చును. గ్యాసు మంటతో కాల్చి స్ప్రింగును క్రుంగదీయుట మరియు ప్రమాదకరము. ఆ వేడికి ఉక్కునకు పెట్టిన పదును పోవును.

సగము చోటు, నాలుగు రెట్లు బిగువు

ఇక లెక్కకు వత్తము. కారు ముందు భాగమున ఒక్కొక్క స్ప్రింగు మోయు బరువు 300 కిలోలనుకొందము. బిగువు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు. అప్పుడు కారు బరువునకే స్ప్రింగు 147 మిల్లీమీటర్లు, అనగా 14.7 సెంటీమీటర్లు కుదించుకొని నిలుచును. ఈ కుదింపు తెలిసినచో డోలన పౌనఃపున్యమును నోటితోనే లెక్కించవచ్చును. సెంటీమీటర్లలో కుదింపు యొక్క వర్గమూలముతో 5ను భాగించినచో సెకనుకు ఎన్ని డోలనములో వచ్చును. ఇక్కడ అది సుమారు 1.3. మనిషి నడకలో దేహము పైకి క్రిందికి ఊగు లయకు ఇది దగ్గర. కార్ల రూపశిల్పులు ఈ ప్రాంతములోని సంఖ్యనే ఎన్నుకొనుటకు కారణమిదియే. సెకనుకు నాలుగు మొదలు ఎనిమిది వరకు ఉండు నిలువు కంపములు మాత్రము మానవ దేహమునకు మిక్కిలి బాధాకరములు.

నిలుకడగా ఉన్న కారులో చక్రము పైకి పోవుటకు ఇంకను 80 మిల్లీమీటర్ల చోటున్నదనుకొందము. ఆ తరువాత బంప్ స్టాపు అను రబ్బరు ముద్ద తగులును. గతుకులో చక్రము పైకి ఎగసినప్పుడు, చక్రమునకు కారు దేహమునకు నడుమ పుట్టిన గతిశక్తిని స్ప్రింగు మ్రింగవలెను. అది మ్రింగగల శక్తి బిగువులో సగమును దూరము యొక్క వర్గముతో గుణించినంత. మన కారులో అది 64 జౌళ్లు.

ఇప్పుడు కారును 40 మిల్లీమీటర్లు, అనగా ఒకటిన్నర అంగుళము, దించితిమి. మిగిలిన చోటు 40 మిల్లీమీటర్లే. దూరము సగమైనది, దాని వర్గము నాలుగవ వంతైనది. పూర్వపు 64 జౌళ్లను ఈ కొద్ది చోటులోనే మ్రింగవలెనన్న బిగువు నాలుగు రెట్లు కావలెను. అప్పుడు పౌనఃపున్యము రెట్టించి సెకనుకు 2.6 అగును. అది పందెపు కారునకు తగును గాని, ముసలి తల్లిని ఆసుపత్రికి తీసికొనిపోవు కారునకు తగదు.

అంగడిలో దొరకు లోయరింగ్ స్ప్రింగులు నాలుగు రెట్లు బిగువుగా ఉండవు. ఉండిన ఎవరును కొనరు. 30 శాతము బిగువు ఎక్కువనుకొందము. పౌనఃపున్యము 1.3 నుండి 1.5 దాపునకు మాత్రమే పెరుగును. కూర్చున్నవానికి పెద్ద తేడా తెలియదు. కాని 40 మిల్లీమీటర్లలో ఆ స్ప్రింగు మ్రింగునది 21 జౌళ్లే, పూర్వపు దానిలో మూడవ వంతు. మిగిలిన రెండు వంతులు ఎక్కడికి పోవును? రబ్బరు ముద్ద మీదికి, ఆ పైన కారు చట్రము మీదికి. ఎప్పుడో ఒకనాడు పెద్ద గోతిలో మాత్రము పని తగులవలసిన బంప్ స్టాపు ఇప్పుడు నిత్యకూలి యగును. కారు "గట్టిపడినది" అని యజమాని అనుకొనునది తరచు స్ప్రింగు గట్టిదనము కాదు, రబ్బరు దెబ్బ.

దించుట 20 మిల్లీమీటర్లే అయినచో కథ వేరు. 60 మిల్లీమీటర్ల చోటు మిగులును, అదే 30 శాతము బిగువు స్ప్రింగు 47 జౌళ్లు, అనగా ముప్పాతిక వంతు మ్రింగును. మొదటి 20 మిల్లీమీటర్లకు చెల్లించు మూల్యము తక్కువ, రెండవ 20కి ఎక్కువ. ఎత్తు విషయమై బేరమాడువారు గుర్తుంచుకొనవలసిన సంగతి ఇది.

ఈ ఇబ్బందిని తప్పించుటకే కొందరు తయారీదారులు చుట్ల మధ్య దూరము ఒక కొనను దగ్గరగా, ఇంకొక కొనను ఎడముగా చేయుదురు. బరువు పెరిగినకొలది దగ్గరి చుట్లు ఒకదానినొకటి తాకి పని మానును. పనిచేయు చుట్లు తగ్గుటచే బిగువు పెరుగును. ఉపాయము మంచిదే. అయినను లేని చోటును అది సృష్టింపజాలదు.

రేగడి నేల, గట్లు, బస్తాలు

గుంటూరు, ప్రకాశము జిల్లాల మైదానములలో విస్తారముగా ఉన్నది ప్రత్తికి పేరుపొందిన నల్లరేగడి. ఈ నేలలోని మాంట్‌మోరిలొనైట్ జాతి మట్టి తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. దానిమీద వేసిన రోడ్డు కూడ ఏటేట లేచి, క్రుంగి, అలలు తేలును. రోడ్డు అంచులు నడిమి భాగముకన్న ముందుగా తడియును, ముందుగా ఎండును. అందుచే అంచులే ముందు చెడును. రాతినేల మీది రోడ్డుకును రేగడి మీది రోడ్డుకును ఈ భేదమున్నది. కనుకనే మరియొక దేశపు నున్నని రోడ్డు మీద మెచ్చుకొనబడిన స్ప్రింగు ఇక్కడ మెప్పు పొందకపోవచ్చును.

ఇట్టి అలలు పది మీటర్ల కొకటి ఉన్నవనుకొందము. గంటకు 47 కిలోమీటర్ల వేగముతో పోవు కారునకు సెకనుకు 1.3 అలలు తగులును. అది మొదటి స్ప్రింగు సహజ పౌనఃపున్యమే. అనునాదము కలిగి కారు ఉయ్యాలవలె ఊగజూచును. బిగువు స్ప్రింగు వేసినచో ఆ వేగము 53 కిలోమీటర్లకు జరుగును, అంతే. ఊపును ఆపు బాధ్యత స్ప్రింగుది కాదు, షాక్ అబ్సార్బరుది. నూనెను సన్నని రంధ్రముల గుండా నెట్టి అది చలనశక్తిని వేడిగా మార్చును. స్ప్రింగు 30 శాతము బిగిసినప్పుడు పాత షాక్ అబ్సార్బరు దానికి 12 శాతము చాలకుండును. అది అప్పటికే యాభై వేల కిలోమీటర్లు తిరిగి అలసియున్నదైనచో, కొత్త స్ప్రింగు వేసిన పిమ్మట కారు ఒకేసారి గట్టిగాను, ఊగిసలాటగాను ఉండును. లోయరింగ్ స్ప్రింగు చవక అనుకొని వేసినవారు ఏడాది తిరుగకుండ షాక్ అబ్సార్బర్లు కూడ కొనుటకు ఇది ఒక కారణము.

గట్ల సంగతి చూతము. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి నిర్దేశము ప్రకారము స్పీడ్ బ్రేకరు 17 మీటర్ల వ్యాసార్ధముగల వృత్తఖండము, వెడల్పు 3.7 మీటర్లు, నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు. చక్రముల నడుమ 2.6 మీటర్లు దూరముగల కారు దానిమీద సరిగా నడుమ నిలిచినచో, కారు అడుగునకు కావలసిన సందు 5 సెంటీమీటర్లే. విద్యార్థులు దీనిని జ్యా, వృత్తఖండము ఎత్తుల సూత్రముతో సరిచూచుకొనవచ్చును. కాని సందులలో ఇంటివారు సిమెంటుతో పోసుకొను గట్టు రెండడుగుల వెడల్పున నిటారుగా ఉండును. అక్కడ నాలుగు చక్రములును సమతలము మీదనే ఉండి, గట్టు ఎత్తంతయు కారు కడుపునకు తగులును.

సెడాన్ అడుగు సందు 165 మిల్లీమీటర్లనుకొందము. ఐదుగురు ఎక్కి, డిక్కీలో 40 కిలోల మిరప బస్తాలు రెండు వేసినచో మొత్తము 430 కిలోల భారము. వెనుక భాగము ఎక్కువగా, ముందు భాగము తక్కువగా క్రుంగును. నడుమ సుమారు 50 మిల్లీమీటర్లు దిగును. మిగిలినది 115. పది సెంటీమీటర్ల నిటారు గట్టును ఆ కారు వ్రేలి మందము వ్యత్యాసముతో దాటును. 40 మిల్లీమీటర్లు దించిన కారు, బిగువు స్ప్రింగు వలన భారమునకు 38 మిల్లీమీటర్లే క్రుంగినను, మిగులునది 87. అది దాటదు, రాచుకొనును. ఓరగా ఎక్కించుట వలన ఒక మూల పైకి లేచి కొంత మేలు కలుగును. కాని పొగగొట్టము, ఆయిల్ పాను ఎల్లప్పుడు ఆ మూలనే ఉండవు కదా. వర్షాకాలమున మూడు వంతెనల క్రింద నీరు నిలిచిన రోజున ఆ నలుబది మిల్లీమీటర్ల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతకు, దించుట వలన కలుగు లాభమెంత? మలుపులో వేగము మితముగానే ఉండి, ప్రక్క త్వరణము గురుత్వ త్వరణములో సగమైనప్పుడు, గరిమనాభి 55 సెంటీమీటర్ల ఎత్తునగల కారులో లోపలి చక్రముల నుండి వెలుపలి చక్రములకు మొత్తము బరువులో 18.6 శాతము మారును. ఎత్తును 51కి దించినచో 17.2 శాతము మారును. ఉన్నది లాభమే, కాని మూడు వ్రేళ్ల సందుతో కొన్న లాభము. పైగా మాక్‌ఫర్సన్ అమరికలో కారును దించినప్పుడు దేహము ఏ బిందువు చుట్టు ఒరగునో ఆ బిందువు గరిమనాభికన్న ఎక్కువగా క్రిందికి పోవును. దానివలన ఒరుగుదల తగ్గునని వేసిన లెక్క కొంత తిరగబడును. ఒరగకుండునట్లు చేసినది ఎక్కువ పాలు కొత్త స్ప్రింగు బిగువే గాని, తగ్గిన ఎత్తు కాదు.

పళ్లెము త్రిప్పిన గట్టిపడునా?

కాయిలోవరును గూర్చి ఒక అపోహ విస్తారముగా ఉన్నది. పళ్లెమును పైకి త్రిప్పి స్ప్రింగును బిగించినచో అది గట్టిపడునని చాలమంది తలంతురు. హుక్ సూత్రము తెలిసిన విద్యార్థి దీనిని వెంటనే ఖండింపగలడు. స్ప్రింగు మోయు బరువు మారలేదు, బిగువు మారలేదు. కనుక కుదింపు కూడ మారదు. పళ్లెము ఎంత లేచినదో కారు అంత లేచును, అంతే. గట్టిదనము మార్చవలెనన్న స్ప్రింగునే మార్చవలెను. కొన్ని కాయిలోవర్లకు పైన ఉండు చిన్న మర బిరడా నూనె రంధ్రములను సవరించును. అది మార్చునది డోలనమును అణచు బలము మాత్రమే.

కాయిలోవర్లలో రెండు జాతులున్నవి. చవకరకములో పళ్లెము ఒక్కటే తిరుగును. కారును దించినకొలది షాక్ అబ్సార్బరు కడ్డీ గొట్టములోనికి దిగి, పైన లెక్కించిన చోటు అంతే తరుగును. ఖరీదైన రకములో గొట్టము అడుగు భాగము కూడ వేరుగా మరల మీద జరుగును. ఎత్తు తగ్గినను కడ్డీ ప్రయాణము తగ్గదు. అప్పుడు అడ్డు వచ్చునది వేరొకటి. చక్రము రేకు వంపులోనికి మరింత చొచ్చి, స్టీరింగు త్రిప్పినప్పుడు టైరు రాసుకొనును. ఏ రకమైనను రేగడి బురద మరలలో చేరి ఎండి రాయియగును. ఏటికి రెండుసార్లైన కడిగి, తుడిచి, గ్రీజు పూయనిచో, ఎత్తు సవరించుటకై కొన్న వస్తువు సవరింపరానిదగును.

ముందు, వెనుక స్ప్రింగుల పొందిక మరియొక విషయము. రోల్స్ రాయిస్ సంస్థలో పనిచేసి 1930లో అమెరికాలోని కాడిలాక్‌నకు వెళ్లిన మారిస్ ఆలీ అను ఇంజనీరు, కారునకు రెండు కొనల బరువులు వ్రేలాడదీసి, వానిని జరుపుచు నడిపి చూచెను. ముందు స్ప్రింగులు వెనుక వానికన్న మెత్తగా ఉన్నప్పుడే ప్రయాణము చదునుగా ఉన్నదని ఆయన కనుగొనెను. కారణము సులభము. గట్టు మొదట ముందు చక్రములకు తగులును. గంటకు 60 కిలోమీటర్ల వేగములో వెనుక చక్రములకు తగులునది సెకనులో ఆరవ వంతు తరువాత. ఆలస్యముగా ఊగ నారంభించిన వెనుక భాగము కొంచెము వేగముగా ఊగినచో ముందు భాగమును కలిసికొనును, ముక్కు పైకి క్రిందికి ఆడుట త్వరగా చల్లారును. కనుక ముందు స్ప్రింగులు మాత్రమే మార్చి వెనుకవి విడిచిపెట్టుట, లేక రెండు చోట్ల రెండు సంస్థల సరకు వేయుట, ఈ పొందికను చెరచును.

కొనుటకు ముందు చేయదగిన కొలత

ఒక టేపు, రెండు బస్తాలు, సమతలమైన నేల ఉన్నచో ప్రతివాడును తన కారు స్ప్రింగును తానే కొలుచుకొనవచ్చును. ఉన్నత పాఠశాలలో ఇది మంచి ప్రయోగము. కారును నాలుగుసార్లు అదిమి విడిచి స్థిమితపడనిచ్చి, చక్రము నడిబొడ్డు నుండి రేకు అంచు వరకు కొలువవలెను. వెనుక ఇరుసునకు దగ్గరగా 120 కిలోల బరువు పెట్టి, మరల అదిమి విడిచి కొలువవలెను. ఒక్కొక్క ప్రక్కకు 60 కిలోలు, అనగా 589 న్యూటన్లు. దిగినది 27 మిల్లీమీటర్లైనచో ఆ మూల బిగువు మిల్లీమీటరుకు సుమారు 22 న్యూటన్లు. తరువాత కారు క్రింద చూచి, బంప్ స్టాపునకు ఇంకెంత దూరమున్నదో కొలిచి వ్రాసికొనవలెను. ఈ రెండు సంఖ్యలును తెలిసినవానికి అంగడివాని మాట అక్కరలేదు. పై లెక్క తానే వేసికొనును. షాక్ అబ్సార్బరు స్థితి అదిమి విడిచినప్పుడే తెలియును. కారు లేచి, ఒకసారి దిగి, ఆగినచో మంచిది. రెండు మూడుమార్లు ఊగినచో స్ప్రింగు తలపు మాని ముందు దానిని మార్చవలెను.

బ్రాడీపేటలో ఉండి, కుటుంబముతో ఊళ్లు తిరుగువానికి 20 మిల్లీమీటర్లకు మించని లోయరింగ్ స్ప్రింగు, దానికి తగిన కొత్త షాక్ అబ్సార్బర్లు చాలును. కారును దించకున్నచో ఇంకను మంచిది. షాక్ అబ్సార్బర్లు, రబ్బరు బుష్‌లు కొత్తవి వేసినంత మాత్రమున పాత కారు కొత్తదానివలె నిలబడుట పలువురు చూచియే యుందురు. పందెపు బాటలో నడుపువానికి, మరలను శుభ్రపరచు ఓపిక గలవానికి రెండవ జాతి కాయిలోవరు తగును. వర్షాకాలమునకు ఎత్తి, వేసవికి దించుకొందునను ఆశతో కొనువారు, ఎత్తు మారిన ప్రతిసారి చక్రముల వాలు, ముఖము కూడ మారునని, వీల్ అలైన్‌మెంటు చేయించనిచో టైర్లు ఒక ప్రక్కనే అరిగిపోవునని తెలిసికొనవలెను.

చట్టము మాట కూడ ఉన్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ నిషేధమును గట్టిగా పునరుద్ఘాటించెను. కనుక స్ప్రింగునకు డబ్బు కట్టుటకు పూర్వమే రవాణా కార్యాలయములో ఒకసారి, బీమా సంస్థలో ఒకసారి విచారించి, వీలైనచో జవాబు కాగితము మీద తీసికొనుట మేలు. తీసిన పాత స్ప్రింగులను మాత్రము పాత ఇనుము వానికి వేయక, నూనె రాసి అటక మీద దాచవలెను. కారు అమ్ముకొనునాడు కొనువాడు మొట్టమొదట అడుగునది వానినే.